మూడేళ్ల ప్రాణానికి అయిదేళ్ల మాట

పోయినవారం మన నోంగ్ దూలోని ఎక్కడ వదిలేశాం? బాంతిగె ఊరి ఆరోగ్య కేంద్రం గుమ్మంలో, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. పాపం, వారం రోజులుగా అలాగే నిలబడి ఉన్నాడు. ఇక లోపలికి రమ్మందాం.

కొత్తగా చదివేవాళ్లకి నాలుగు ముక్కలు చెప్తాను, పాతవాళ్లు ఓపిక పట్టండి. తెయొదూలో సుమగాయ్‌సాయ్, మా ఊరి హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. ఊరంతటికీ నోంగ్ దూలో, అంటే దూలో అన్న. పట్నంలో ఆఫీసులు పారేసే పాత కంప్యూటర్లు ఏరుకొచ్చి, వాటిలో 'బులాక్' అనే తేలికపాటి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, బళ్లకీ ఆసుపత్రులకీ ఊరికే పంచిపెట్టే పిచ్చి ఆయనకి. బులాక్ అంటే దూది. పేరుకి తగ్గట్టే మంచం పట్టిన కంప్యూటర్ని కూడా లేపి నడిపిస్తుంది. నాలుగున్నరేళ్ల కిందట, ఆ వెర్షన్ విడుదలైన నెలలోనే, ఆరోగ్య కేంద్రానికి అలాంటివి ఎనిమిది ఇచ్చాడు. పదిరోజుల కిందట వాటిలోంచి క్షయ రోగుల జాబితా బయటికి పాకింది. నలభైమూడు పేర్లు, ఇళ్ల గుర్తులతో సహా, ఊళ్లో ప్రతి ఫోన్లోకీ ఎక్కాయి. నింద గుమాస్తా గెర్లీ మీద పడింది. ఆ గెర్లీ పెళ్లికి దూలో నినోంగ్, పెళ్లిపెద్దగా చర్చిలో కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డవాడు. మొన్న శనివారం ఆయన ఇంట్లో కూర్చుని బులాక్ గురించి ఒక పేజీ చదివి, చెమటలు పట్టి లేచాడని కూడా రాశాను. అందులో ఏముందో దాచాను. ఇవాళ దాచను.

"లోపలికి రండి సర్," అంది డాక్టర్ పాల్మారెస్.

ఆవిడా ఒకప్పుడు దూలో శిష్యురాలే. మాట మెత్తగా, పాట పాడినట్టుంది. ఇలోఇలో వైపు మనుషులతో ఉన్న చిక్కే అది, కోపం పెరిగేకొద్దీ గొంతు తియ్యబడుతుంది. ఇవాళ డాక్టరు గొంతు అచ్చం తేనె. దూలో రెండో కాలూ లోపల పెట్టాడు.

గదిలో ఇంకో ఇద్దరున్నారు. మూల బల్ల దగ్గర గెర్లీ, ఒళ్లో నల్లట్ట నోటుపుస్తకం. పుస్తకం మూసే ఉంది గానీ మధ్యలో వేలు పెట్టి పట్టుకుంది. కిటికీ పక్కన చేపలమ్మే నాంగ్ ఇసింగ్, ఊరందరికీ అక్క, అరవై ఆరేళ్ల మనిషి. జాబితాలో పదిహేడో పేరు ఆవిడదే. మందులన్నీ మింగి, జబ్బు నయమై ఎనిమిది నెలలైంది. ఆ సంగతి జాబితాలో లేదు. మామూలుగా ఏడు గంటలకల్లా ఖాళీ అయ్యే ఆవిడ గంప, పది దాటినా నిండుగా కాళ్ల దగ్గరే ఉంది. కరిగిన మంచు నీళ్లు గదిలో సన్నగా పారుతున్నాయి, వాటిని తుడవమని ఎవరూ అనలేదు.

ఎదురుగా గోడ మీద ఫ్లెక్సీ. 'మా సర్ దూలోకి బాంతిగె ప్రజల కృతజ్ఞతలు. ఎనిమిది కంప్యూటర్లు, అయిదేళ్ల భద్రత.' అది కట్టిన రోజున ఫాదర్ వచ్చి కంప్యూటర్ల మీద పవిత్రజలం చల్లితే ఒక కీబోర్డు అక్కడికక్కడే ప్రాణం విడిచింది. అందరూ పడీపడీ నవ్వారు, దూలో అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఇప్పుడా ఫ్లెక్సీ మీద మేయరు మొహం ఎండకి వెలిసిపోయింది. కిటికీకి దూరంగా ఉన్న దూలో మొహం మాత్రం నిన్న అచ్చేసినట్టు నిగనిగలాడుతోంది. ఆయన దానికి వీపు తిప్పి కూర్చున్నాడు.

డాక్టరు ఒక కాగితం ముందుకి జరిపింది. "మధ్యాహ్నం పన్నెండుకి ఇది మున్సిపాలిటీకి వెళ్లాలి సర్. రెండు గళ్లున్నాయి. జాబితా ఎలా బయటపడింది, ఎవరివల్ల. మొదటిదానికి మీరు జవాబు చెప్పాలి. రెండో దాంట్లో ఏం రాయాలో పైవాళ్లు నిన్ననే చెప్పేశారు." వేలికి బదులు పెదాలు సాచి గెర్లీ వైపు చూపించింది. "కాంట్రాక్టు మనిషి. పేరు రాశానంటే రేపట్నుంచి రానక్కర్లేదు. ఇంకే సర్కారు ఆఫీసూ గుమ్మం కూడా ఎక్కనివ్వదు."

దూలో గొంతు సవరించుకున్నాడు. ఏం చెప్పాలో దారిపొడుగునా ట్రైసికిల్ ఆటోలో కూర్చుని కూడబలుక్కుంటూనే వచ్చాడు.

"తప్పు గెర్లీది కాదు డాక్. సిస్టమ్‌ది. అంటే... నాది."

"కాస్త మా భాషలో చెప్పు దూలో," అంది ఇసింగ్. "ఊరంతా నా ఊపిరితిత్తుల గురించి మాట్లాడుకుంటోంది. ఎందుకో నాక్కూడా తెలియాలిగా."

"ఏ సిస్టమ్‌లోనైనా సందులుంటాయి నాంగ్. దొంగలు రోజూ వెతుకుతుంటారు. తయారుచేసినవాళ్లు కనిపెట్టి ఎప్పటికప్పుడు పూడ్చి పంపుతుంటారు. అవే అప్‌డేట్లు. కానీ ఎల్లకాలం పంపరు, ఒక గడువుంటుంది. గడువు దాటాక కంప్యూటర్ మామూలుగానే నడుస్తుంది, సందులు పూడ్చే దిక్కు మాత్రం ఉండదు."

"మనవాటి గడువు అయిదేళ్లన్నారు కదా?" అంది డాక్టరు.

"అన్నాను. బులాక్‌కి తల్లి ఒకటుంది డాక్, 'తిందాలో' అని. పెద్ద సిస్టమ్, జీతాలిచ్చి పోషించే కంపెనీ ఉంది. దానికి అయిదేళ్లు. బులాక్‌ని నడిపేదేమో అయిదారుగురు, ఎవరి ఉద్యోగాలు వాళ్లు చేసుకుంటూ ఆదివారాలు దీనికి పెట్టేవాళ్లు. వాళ్లవల్ల మూడేళ్లే అవుతుంది. రెండింటి పేరు పక్కనా 'దీర్ఘకాలం' అని ఒకే ముద్ర ఉంటుంది. నేను తల్లి పేజీ చూసి పిల్లకి జాతకం రాసేశాను."

డాక్టరు వేళ్లమీద లెక్క చూసుకుంది. "అంటే ఏడాదిన్నరగా..."

"ఏడాదిన్నరగా తలుపులు తెరిచే ఉన్నాయి డాక్."

"అదెలా సర్? నేను ప్రతి సోమవారం చూసేదాన్నే! 'అంతా తాజాగానే ఉంది' అని ఆకుపచ్చగా రాసి చూపించేదిగా!"

"పంపేవాళ్లే మానేశాక కొత్తవి ఎక్కణ్ణుంచి వస్తాయి? వచ్చినవన్నీ ఎక్కించాను, ఇంకేం మిగల్లేదు అంటుంది, అంతే. దాని మాటలో అబద్ధం లేదు."

ఇసింగ్ గంపలో చెయ్యి పెట్టి ఒక చేపని అటూ ఇటూ తిప్పింది. "చేప కూడా అంతే. మంచు వెయ్యడం ఆగిపోయిన మొదటి గంట కళ్లు మెరుస్తూనే ఉంటాయి. కొనేవాడికి ఏం తెలుస్తుంది."

"సరిగ్గా అంతే నాంగ్," అన్నాడు దూలో.

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలింది. గొంతులో తేనె తగ్గి మామూలు మనిషి గొంతు వచ్చింది. "అయితే పొరపాటన్నమాట. మూడుకి అయిదు చదివారు. ఎవరికైనా జరిగేదే సర్."

"పోనీలే," అంది ఇసింగ్. "చదువుకున్నవాడి కళ్లు పొరబడవని ఎక్కడుంది? వచ్చి ఒప్పుకున్నావు, అది చాలు."

డాక్టరు బల్లమీది పళ్లెం ఆయన వైపు జరిపింది. కొబ్బరిపాలలో ఉడికించిన అన్నాన్ని ఆకుల్లో చుట్టిన ఇబోస్. "తినండి సర్. పొద్దుణ్ణుంచి ఏం తినలేదని మీ మొహమే చెప్తోంది."

దూలో ఆకు విప్పి ఒక ముక్క కొరికాడు. హమ్మయ్య అనిపించింది. నిజంగానే అనిపించింది, నేనెందుకు దాచాలి. పదిరోజులుగా గుండెమీదున్న రాయిని ఎవరో పక్కకి జరిపినట్టయింది. ఒప్పుకున్నాడు, క్షమించేశారు, తినడానికి కూడా పెట్టారు. ఇంత సులువని తెలిస్తే మొదటిరోజే వచ్చేవాణ్ణి కదా అనుకున్నాడు. గెర్లీ వైపు మాత్రం చూడలేదు.

అప్పుడు డాక్టరు కలం తీసింది. "ఒక్క సంగతి మిగిలింది. గెర్లీ, గడువు తీరినప్పుడు ఏదో హెచ్చరిక చూపిస్తుందట కదా? మా చెల్లెలి కంప్యూటర్లో వచ్చింది. ఇక్కడ రాలేదా? ఆలోచించి చెప్పు. వచ్చింది, నువ్వు చూసీ ఊరుకున్నావంటే, తప్పు సర్‌ది కాదు, నీదే అంటారు. రాలేదంటే పైవాళ్లు నమ్మరు. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుపోయిందనే పాటే పాడతారు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. గెర్లీ తల ఎత్తలేదు.

"రాలేదు డాక్," అంది.

దూలో నోట్లో ముక్క నోట్లోనే ఉండిపోయింది. నల్లట్ట పుస్తకం మధ్యలో ఉన్న ఆ వేలు కదల్లేదు. ఏ పేజీలో ఉందో ఆయనకి తెలుసు. ఆ పుస్తకం పెట్టమన్నది ఆయనే. నాలుగున్నరేళ్ల కిందట కంప్యూటర్లు ఒప్పజెప్పినరోజు, "తెరమీద ఏం కనబడితే అది రాయి ఇందాయ్, తారీఖు వెయ్యి, ఎవరేం చెప్పారో అది కూడా రాయి, నేను చెప్పినా సరే" అన్నాడు. ఇందాయ్ అంటే అమ్మాయ్. మంచి శిష్యురాలు దొరకడం కూడా ఒక్కోసారి శిక్షే.

ఇక్కడ మీకు నేనొకటి ఒప్పుకోవాలి. పోయినవారం ఆయన బులాక్ గురించిన ఆ పేజీ మొదటిసారి చదివి హడలిపోయినట్టు రాశాను. ఏం చెయ్యను, నన్ను కూడా అలాగే నమ్మించాడు. ఆయన శనివారం చదివింది రెండోసారి.

"ఇందాయ్," అన్నాడు. "పుస్తకం తెరువమ్మా."

"వద్దు నినోంగ్."

"తెరువు."

"మా ఆయన పడవ తప్పిపోయిన మూడురోజులూ మీరు ఒడ్డునే కూర్చున్నారు. ఇంటికెళ్లి స్నానం కూడా చెయ్యలేదు." గెర్లీ పుస్తకాన్ని ఇంకా దగ్గరికి లాక్కుంది. "ఒక పసుపు గడి కోసం మిమ్మల్ని నలుగురిలో నిలబెట్టమంటారా? నావల్ల కాదు. నా ఉద్యోగం పోతే పోనీయండి, ఇంకోటి చూసుకుంటాను."

"ఏ పసుపు గడి?" అంది డాక్టరు. గొంతు మళ్లీ తియ్యబడింది.

దూలో లేచి వెళ్లి, పిల్ల చేతిలోంచి పుస్తకం తీసుకున్నాడు. గెర్లీ గట్టిగానే పట్టుకుంది, తర్వాత వదిలేసింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ముప్ఫై ఏళ్లు తరగతిలో చదివినట్టే నిలబడి, ఏడాదిన్నర కిందటి పేజీ చదివాడు.

"నవంబరు పదకొండు. ఉదయం తొమ్మిదింబావు. పసుపు గడి వచ్చింది. 'ఈ వెర్షన్‌కి సపోర్టు ముగిసింది, కొత్తదానికి మారండి' అని ఉంది. నినోంగ్‌కి ఫోన్ చేశాను. 'మళ్లీ చూపించొద్దు' అన్నచోట నొక్కమన్నారు. ఏం కాదన్నారు." వేలితో కింది వరసకి దిగాడు. "నవంబరు పద్నాలుగు. మిగతా ఏడింట్లోనూ వచ్చింది. నినోంగ్ స్వయంగా వచ్చి అన్నిట్లో హెచ్చరికలు రాకుండా ఆపేశారు. గడువు అయిపోయిందా అని అడిగాను. నినోంగ్ నవ్వి, పెదాలతో ఫ్లెక్సీ చూపించారు. అయిదేళ్లని అంత పెద్ద అక్షరాలతో రాసుంటే కనబడలేదటే, అన్నారు."

డాక్టరు కలం బల్లమీద పెట్టేసింది.

"మొదట్లో పొరపాటే డాక్," అన్నాడు దూలో, తల ఎత్తకుండా. "ఒట్టు, అప్పుడు పొరపాటే. పదకొండో తారీఖున గెర్లీ ఫోన్ చేశాక వెళ్లి బులాక్ గడువు పేజీ చదివాను. పిల్లకి మూడేళ్లే అని ఆరోజే తెలిసింది. కొత్త బులాక్ తెచ్చి ఇంట్లో ఇలాంటి యంత్రంలోనే ఎక్కించి చూశాను, మొదటి తెర కూడా రాలేదు. కొత్తవి ఇంత పాత యంత్రాల్ని ఒప్పుకోవు. అంటే ఎనిమిదింటినీ మూలపడెయ్యాలి. ఆ మాట మీకు చెప్పాలంటే ముందు నా మొహం ఆ గోడమీంచి దింపాలి. దింపలేకపోయాను. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ గడిపేశాను. ఇందాక కూడా సగమే చెప్పాను. మీరు క్షమించేశారు, నేను కూర్చుని తిన్నాను."

ఆ చివరిమాట దగ్గర ఆయన మొహం చూడాలి. ఇంట్లో దొంగతనం చేసి దొరికిపోయిన పిల్లాడి మొహం అది, కాకపోతే అరవై ఒక్కేళ్ల వయసులో. చెవులు ఎర్రబడ్డాయి. చేతికి అంటిన అన్నం మెతుకుల్ని ఎక్కడ తుడుచుకోవాలో తెలియక పిడికిలి మూసుకున్నాడు. భూమి చీలితే బావుణ్ణనిపించింది గానీ, సిమెంటు నేల కదా, చీలలేదు.

ఇసింగ్ లేచి నిలబడింది. ఆవిడ గొంతు పెంచలేదు.

"అయితే మంచు రావడం ఆగిపోయిందని నీకు తెలుసు. తెలిసే గంపమీద ఆకు కప్పావు." గంపని కాలితో ముందుకి జరిపింది. "నలభై ఏళ్లు చేపలమ్మాను దూలో. ఆ పని ఒక్కరోజు, ఒక్క చేపకి కూడా చెయ్యలేదు నేను. ఇవాళ ఊళ్లో ఎవరూ ముట్టుకోనిది నా గంపే."

దూలో గోడ వైపు చూశాడు. క్షమించమని అడగడానికి కూడా ఒక మొహం కావాలి, అది గోడమీద ఉండిపోయింది.

"రెండో గడిలో మీ పేరు రాస్తున్నాను సర్," అంది డాక్టరు.

"రాయి. నిండుపేరు రాయి. ఊళ్లో దూలోలు నలుగురున్నారు, వాళ్లమీదికి పోకూడదు."

డాక్టరు రాసింది. గెర్లీ రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. ఉద్యోగం నిలబడ్డ మనిషి ఏడ్చినట్టు లేదది. దూలో కుర్చీ లాక్కుని, ఎక్కి, ఫ్లెక్సీ మూల తాడు విప్పబోయాడు. ముడి నాలుగున్నరేళ్లకి రాయిలా బిగుసుకుపోయింది. గోళ్లతో పీకుతున్నాడు.

వెనకనుంచి గెర్లీ గొంతు వినబడింది. కన్నీళ్లు తుడుచుకుని పుస్తకం మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"నినోంగ్... పద్నాలుగో తారీఖు కింద ఇంకో వాక్యం ఉంది. మీరు చదవలేదు."

ముడిమీద ఆయన చేతులు ఆగిపోయాయి.

"'నినోంగ్ తొందరగా వెళ్లిపోయారు. సిస్టర్ల ఇంట్లో కంప్యూటర్‌కి కూడా పసుపు గడి వచ్చిందట. అక్కడ కూడా ఆపాలి అన్నారు.'"

డాక్టర్ పాల్మారెస్ కుర్చీలోంచి చివాల్న లేచి నిలబడింది. కొండ అవతల చర్చి కన్యాస్త్రీలు నడిపే సిస్టర్ల ఇల్లంటే తెలియనివాళ్లు లేరు, తెలుసని చెప్పేవాళ్లూ లేరు. ఆ గేటుకి బోర్డుండదు. ట్రైసికిల్ వాళ్లని అడిగితే ఆ దారే లేదంటారు. మొగుళ్లు చావగొడితే ప్రాణాలరచేత పట్టుకుని పారిపోయివచ్చిన ఆడవాళ్లు ఉంటారక్కడ. వాళ్లలో సగంమందిని పంపింది ఈ డాక్టరే. ఎవరు, ఏ ఊరు, ఎవరికి భయపడి వచ్చారు, అన్నీ ఆ ఒక్క కంప్యూటర్లో ఉంటాయి.

"సర్," అంది డాక్టరు. "అది మీకు ఈ పదిరోజుల్లో ఒక్కసారైనా గుర్తుకి రాలేదా?"

వచ్చింది. రెండోరోజే వచ్చింది. వచ్చిన ప్రతిసారీ రేడియో పెట్టుకున్నాడు, పెరట్లో మొక్కలకి నీళ్లు పోశాడు, ఏదో ఒకటి చేసి తోసేశాడు. ఆ జవాబు డాక్టరుకి చెప్పలేదు, కుర్చీ దిగి ఫోను తీశాడు. మెతుకులంటిన వేళ్లతో నొక్కితే రెండుసార్లు తప్పు పడింది. మూడోసారి మోగింది. డాక్టరు కోసం ఫోను అందరికీ వినబడేలా స్పీకర్‌లో పెట్టాడు.

"నోంగ్ దూలో! నూరేళ్లాయుష్షు మీకు!" సిస్టర్ అంపారో గొంతు ఖంగుమంది. "పొద్దున్నే మిమ్మల్ని తలుచుకున్నాం."

"సిస్టర్, నేను చెప్పింది వినండి. కంప్యూటర్ ఆపెయ్యండి. ఇంటర్నెట్టు తీగ పీకెయ్యండి. ఇప్పుడే."

"ఎందుకు నోంగ్? బంగారంలా నడుస్తోంది. ఇదిగో, దాని ముందే ఉన్నాను. అంతా తాజాగానే ఉందంటోంది, ఆకుపచ్చగా..."

"సిస్టర్! పీకెయ్యండి!"

"అబ్బ, సరే సరే, పీకుతున్నాను. ఒక్క నిమిషం ఉండండి, గేటు ఎవరో బాదుతున్నారు. ఈ గేటు ఎవరికీ తెలియదే..." అడుగుల చప్పుడు, కుక్క మొరుగు, దూరంగా ఒక మగ గొంతు. మాటలు ఆరోగ్య కేంద్రంలో నలుగురికీ వినబడలేదు. సిస్టర్ మళ్లీ ఫోన్లోకి వచ్చేసరికి ఆవిడ గొంతులో ఖంగు లేదు, గుసగుస మాత్రమే ఉంది.

"నోంగ్... ఇతనెవరో మన రోసెల్‌ని పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఆ పిల్ల రాత్రిళ్లు ఏ గదిలో పడుకుంటుందో కూడా చెప్తున్నాడు. ఇతనికెలా తెలిసింది?"